జేబుల గుడ్డ

“ఇవాళ వచ్చే పిల్లల్లో ఒక్కరైనా నీ జేబుల గుడ్డ పేరెత్తకపోతే, రేపు దించేస్తానమ్మాయ్. తర్వాత నన్నని లాభం లేదు,” అన్నాడు గ్యాలరీ యజమాని.

కళాకారిణి గోడ మీది గుడ్డ వైపు చూసింది.

పాత చొక్కాల జేబుల్ని కత్తిరించి, ఒకదాని పక్కన ఒకటి కుట్టి, గోడంతా పరిచిన గుడ్డ అది. జేబుల్లో దొరికినవి దొరికినట్టే వదిలేసింది: నలిగిన బస్సు టికెట్టు, ఊడిన గుండీ, విరిగిన చాక్‌పీసు. చెయ్యి పెట్టి తడిమితేనే దానికి ప్రాణం. కానీ యజమాని వింటేనా! “ఒకరికి ఊ అంటే ఊరంతా చేతులు పెడతారు” అని, ముట్టుకోరాదన్నాడు.

కొత్త కళ చూసి, నచ్చిందో లేదో సొంత మాటల్లో చెప్పమని బడిపిల్లల్ని పిలిచారు ఆ రోజు. వాళ్ళు మెచ్చినవి ఇంకో నెల ఉంచుతామని మాటిచ్చారు. తను ఎదురుగా ఉంటే పిల్లలు మొహమాటానికి బాగుందంటారని, ఆమె ఆ గది కాపలా ముసలాయన్ని పట్టుకుంది.

“బాబాయ్, కాసేపు నీ కోటిస్తావా?”

“ఇస్తా గానీ, ఆ కుర్చీకి ఓ కాలు పొట్టి. కదిలావా, పడతావు. ఎవరైనా చెయ్యి పెట్టబోతే ముట్టుకోవద్దని చెప్పు తల్లీ, లేకపోతే నా ఉద్యోగానికి నీళ్ళొదలాలి.”

తలుపు తోసుకుని పిల్లలు బిలబిలా వచ్చారు.

“ఏంట్రా ఇది? దండెం మీద బట్టలు ఆరేసినట్టు!”

“మా అమ్మ చూసిందంటే మళ్ళీ ఉతికి ఆరేస్తుంది.”

“ఇక్కడ ఏది కళో, ఏది కాదో తెలిసి చావట్లేదురా బాబూ!”

“తెలియకపోతే ఆగి చూడండర్రా. ప్రతిదీ చూడండి,” అంది వాళ్ళ టీచరు.

సోడాబుడ్డి కళ్ళద్దాల వాడొకడు ఆమె కుర్చీ చుట్టూ కూడా ఓ ప్రదక్షిణ చేశాడు. ఆమె ఊపిరి బిగబట్టి కూర్చుంది.

రెండు జడల పిల్ల ఒకతి గుడ్డ దగ్గరే నిలబడిపోయింది. మెల్లిగా ఒక జేబు వైపు చెయ్యి చాచింది.

“ముట్టుకోవద్దు!” అంది కళాకారిణి. తన మాట తన చెవులకే ములుకులా తగిలింది.

“లోపలేమున్నాయక్కా?”

“నాకేం తెలుసమ్మా, కాపలా దాన్ని.” నోరు అలా అంటున్నా కళ్ళు ఆ జేబు మీదికే పోయాయి.

పిల్ల ఆమెను ఎగాదిగా చూసింది. మళ్ళీ చెయ్యి చాచింది.

“ముట్టుకోవద్దూ...” గొంతు ఈసారి నీరసంగా పలికింది. తల మాత్రం కిటికీ వైపు తిరిగిపోయింది.

“ఒరేయ్, ఇటు రండ్రా!” అని కేకేసింది పిల్ల.

అంతే, చేతులన్నీ జేబుల్లోకి దూరాయి. “నాకు గుండీ!” “నాకు చాక్‌పీసు!” “నాకు చిల్లు దొరికింది!” ముట్టుకోవద్దు, ముట్టుకోవద్దు అంటూనే, పొంగుకొచ్చే నవ్వుని ఆమె కోటు చేతిలో దాచుకుంది.

సాయంత్రం హాల్లో అందర్నీ కూర్చోబెట్టి, ఏది నచ్చిందని అడిగాడు యజమాని. ఒకడు గాజు చెట్టన్నాడు. ఇంకొకతి మాట్లాడే గోడంది. జేబుల ఊసు ఎవరూ ఎత్తలేదు. తలుపు పక్కన ఇంకా ఆ కోటులోనే నిలబడ్డ కళాకారిణి రెండు జడల పిల్ల వైపే చూసింది.

చివరికి రెండు జడల పిల్ల లేచింది. “నాకు జేబుల గది నచ్చిందండీ!”

“గుడ్డలో ఏం నచ్చింది?”

“గుడ్డ బాగానే ఉందండీ. కానీ దాని పక్కన కుర్చీలో పెట్టారు చూడండీ ఒక అక్కని, అసలు కళ అదండీ! నోటితో ముట్టుకోవద్దంటుంది, కళ్ళతో ముట్టుకోండర్రా అని బతిమాలుతుంది. మా ఇంట్లో పెద్దవాళ్ళందరూ అచ్చం అంతే. ఎవరు చేశారోగానీ, భలే చేశారండీ!”

“మాకూ అదే! మాకూ అదే!” పిల్లలంతా హాలు అదిరేలా చప్పట్లు కొట్టారు.

యజమాని తలుపు వైపు చూశాడు. పిల్లలూ అటే తిరిగి, “అదుగో, అదుగో!” అని గంతులేశారు. కళాకారిణికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆయన నవ్వాపుకుంటూ దగ్గరికొచ్చాడు. “పిల్లలకిచ్చిన మాట తప్పకూడదమ్మాయ్. పద, నెల రోజులూ నువ్వు పడిపోకుండా ముందా కుర్చీ కాలు బాగుచేయిద్దాం.”