శనివారం పెద్దాయన

"అంతా బాగుందమ్మా. కానీ యజమాని తలుచుకుంటే లోపలికి చూడొచ్చా?"

పెద్దాయన ఆ మాట అనగానే గదిలో ఉన్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

పోయిన శనివారం ఇదే ప్రశ్న. అంతకుముందు శనివారమూ ఇదే.

ఇన్నేళ్ళయినా అక్కకు ఆ గది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. సైకిల్ షాపు మీద మేడ. కింద చక్రాలు సరిచేసే చప్పుడు, పైన పాత కంప్యూటర్ల హోరు. ఫ్యాను వేస్తే కాగితాలెగిరేవి, ఆపితే చెమటలు కారేవి. వాళ్ళు రాసే సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. వారమంతా ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు సెలవు రోజున పైసా ఆశించకుండా అక్కడ చేరేవారు. తిట్టుకునేవారు, అలిగేవారు, మళ్ళీ ఒకే బల్ల చుట్టూ కూర్చునేవారు. వాళ్ళందరికీ ఆమె అక్క.

ఒక పెద్ద కంప్యూటర్‌ను చాలా చిన్న కంప్యూటర్లుగా పంచి ఇవ్వడం ఆ సాఫ్ట్‌వేర్ పని. వాటినే వర్చువల్ మెషిన్లు అంటారు. మేడలో పోర్షన్లు అద్దెకిచ్చినట్టన్నమాట. చిక్కల్లా ఒక్కటే. పెద్ద కంప్యూటర్ ఎవరిదైతే వాళ్ళు, అంటే యజమాని, ఏ పోర్షన్‌లోకైనా తొంగి చూడొచ్చు. అలా చూడలేకుండా మెషిన్ మెమరీని మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఎవరికీ అర్థంకాని గుర్తులుగా మార్చి, దాని తాళంచెవి అద్దెకున్నవాళ్ళ చేతికే ఇవ్వాలి. ఆ ఏడాది వాళ్ళు నెత్తికెత్తుకున్న పని అది.

శనివారం సమావేశానికి ఎవరైనా రావచ్చని తలుపు మీద రాసి పెట్టారు. బయటివాళ్ళలో వచ్చింది పెద్దాయన ఒక్కడే.

ఆయన ఎవరో ఎవరూ అడగలేదు. తనకు ప్రోగ్రాం రాయడం రాదని ఆయనే చెప్పాడు. ఓ మూల కూర్చుని అందరి మాటలూ వినేవాడు. చివర్లో ఆ ఒక్క ప్రశ్నా అడిగి వెళ్ళిపోయేవాడు. ఆయనకు తాళంతాత అని పేరు కూడా పెట్టారు. పాపం, ఈయన గుట్టు ఎవరో చూసేసి ఉంటారని, ఆ దెబ్బతో అనుమానం జబ్బు పట్టుకుందని వాళ్ళలో వాళ్ళు అనుకునేవారు. అక్క కూడా అలాగే అనుకుంది.

పని చివరికొచ్చింది. ఒక్క సందు మాత్రం వదిలారు. మెషిన్ మొరాయిస్తే బాగుచేసుకోవడానికి, యజమాని కావాలనుకుంటే మెమరీ తెరుచుకునే ఏర్పాటు ఒకటి ఉంచారు.

ఆ సంగతి విన్న రోజు పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"అది తీసేయండమ్మా."

"తీసేస్తే బాగుచేసేదెలాగండీ?" అంది అక్క. "యజమాని మంచివాడైతే ఏ గొడవా ఉండదు కదా."

"మంచివాడికే కష్టమమ్మా."

ఆ మాట ఆమె తలకెక్కలేదు. సాఫ్ట్‌వేర్ విడుదల ఎప్పుడెప్పుడని అందరూ ప్రాణం తోడేస్తున్న రోజులవి. విసుగు ఆపుకోలేక, "అంతగా దాచుకోవాల్సింది మీ దగ్గర ఏముందండీ?" అనేసింది.

అన్నాక నాలుక కరుచుకుంది.

పెద్దాయన చిన్నగా నవ్వాడు. "నా దగ్గర ఏం లేదమ్మా" అని, చెప్పులు వేసుకుని మెల్లగా మెట్లు దిగిపోయాడు.

తర్వాతి శనివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

మొదట అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. రానురాను, మాటలయిపోయాక ఏదో వెలితి. ఎవరూ అడగకపోయినా ఆ ప్రశ్న గదిలోనే తచ్చాడుతున్నట్టుండేది.

చివరికి అక్కే కూర్చుని ఆ ఏర్పాటును పీకేసింది. మెషిన్ చెడితే, అద్దెకున్నవాళ్ళు ఒప్పుకుంటే తప్ప తెరుచుకోని దారి వేరే రాసింది. విడుదల ఇంకా వెనక్కి పోయింది. చిత్రంగా, ఒక్కరూ నోరెత్తలేదు.

విడుదల చేసిన శనివారం మధ్యాహ్నం ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. పెద్దాయన కూతురినని చెప్పింది. నాన్న పోయి నెల దాటిందట. మంచం పట్టాక కూడా శనివారం వస్తే ఇక్కడి సంగతే తలుచుకునేవాడట. ఆ పని పూర్తయిందేమో కనుక్కుందామని వచ్చానంది.

అక్క ఆవిడకు కుర్చీ జరిపింది.

"పూర్తయిందండీ. ఇక యజమాని తలకిందులుగా తపస్సు చేసినా చూడలేడు."

కూతురు కళ్ళు తుడుచుకుంది.

ఆయన్ని ఆ రోజు తను అన్న మాట అక్క దాచలేదు. ఆయన సొంత విషయాలు ఎవరో చూసేశారని అనుకుంటూ కూడా అలా అనేశానని బాధపడింది.

"నాన్నవి ఎవరూ చూడలేదండీ" అంది కూతురు వింతగా.

తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. మొగుళ్ళ దెబ్బలు పడలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్ళను దాచి కాపాడే సంస్థ ఒకటి ఉండేదట. ఎవరు ఎక్కడ తలదాచుకున్నారో ఆ వివరాలన్నీ ఒక అద్దె మెషిన్‌లో ఉండేవట. పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషి, తన భార్య ఎక్కడుందో తెలుసుకోవడానికి ఆ మెషిన్‌ను తెరిపించాలని చూశాడట. మనుషుల్ని పంపాడట. కేసులు పెట్టించాడట. ఎంత చేసినా ఆవిడ జాడ మాత్రం బయటికి రాలేదట.

"అయితే ఆ సంస్థను నడిపింది మీ నాన్నగారా?"

కూతురు తల అడ్డంగా ఊపింది.

"ఆ మెషిన్ల యజమాని నాన్నేనండీ. 'చూడలేను' అని చెప్పగలిగితే ఆ మనుషులు వదిలేసేవాళ్ళేమో. చూడగలడని వాళ్ళకూ తెలుసు. ఉన్నదంతా ఊడ్చుకుపోయేదాకా 'చూడను' అంటూనే ఉన్నాడు."