గోడవార తొమ్మిది పూలు

“ఎవరదీ?”

పెరటి తలుపు తీస్తూనే ఫిరంగీస్ కేక పెట్టింది.

గోడవార పొద్దుతిరుగుడు చెట్ల మధ్య ఎవరో ముసలాయన నిలబడి ఉన్నాడు. చేతిలో ఉన్ని గుడ్డ. దాంతో ఒక పువ్వు మొహం రుద్దుతున్నాడు, అదే గుడ్డతో పక్క పువ్వునూ రుద్దుతున్నాడు. గోడ కూలిన సందులోంచి వచ్చినట్టున్నాడు.

ఫిరంగీస్ గబగబా అటు నడిచింది.

ఆ ముప్ఫై చెట్లే ఆమెకు మిగిలిన విత్తనం. వాళ్ల అవ్వ నాటి జాతి అది. పొడుగు గింజ, తెల్ల చారలు, పంటి కింద పెడితే చిటుక్కున రెండుగా విచ్చుకుంటుంది. ఇరాన్‌లోని వాళ్ల ఖోయ్ ఊళ్లో పొద్దుతిరుగుడు గింజలు కొరకని నోరు లేదు. అలాంటి ఊళ్లో కూడా ఫిరంగీస్ ఇంటి గింజ అంటే ఒక పేరు.

మొన్న వసంతంలో నౌరోజ్ పండక్కి చుట్టాలొచ్చినప్పుడు తోడికోడలు నాజ్లీ ఘనకార్యం చేసింది. అటక మీది విత్తనాల సంచిని తిండిగింజలనుకుంది. ఉప్పునీళ్లలో నానేసి, ఆరబెట్టి, సన్న సెగ మీద కమ్మగా వేయించి పళ్లెంలో పోసింది. చుట్టాలు మెచ్చుకుంటూ కొరికి పారేశారు. సంచి మూలల్లో ఇరుక్కున్న ముప్ఫై గింజలే దక్కాయి.

ఈ ఏడు ఇవి గింజ కట్టకపోతే ఆ జాతికి నూకలు చెల్లినట్టే.

“నిన్నే! నా పూలని ఏం చేస్తున్నావ్?”

ముసలాయన తాపీగా తిరిగాడు. అరచేతులు రెండూ పసుపు పూసినట్టున్నాయి.

“పూత మీద మందు కొట్టకూడదు తల్లీ,” అన్నాడు.

“పురుగు పట్టింది, కొట్టాను. నా చెట్లు, నా మందు. మధ్యలో నీకేం పోయింది?”

ముసలాయన ఆమె వంక చూశాడు. ఏదో అనబోయి మానుకున్నాడు.

“ఇంకో వారంలో పూత ముదిరిపోతుంది. అందాకా నన్ను రానీ. పొద్దున్నే ఒక్క గంట.”

“ఎందుకూ? ఉన్న పుప్పొడంతా తుడిచి పారెయ్యడానికా? ఎవరు పంపారు నిన్ను? బజార్లో ఆ వేపుడు గింజల కొట్టోడేనా?”

ఆ కొట్టతను విత్తనం అడిగితే ఫిరంగీస్ లేదు పొమ్మంది. నాటి నుంచి అతని మీద ఆమెకు అనుమానమే.

“నన్నెవరూ పంపలేదమ్మా.”

“పంపకుండానే పరాయి పెరట్లో దూరి పూలు తుడుస్తున్నావా? పిచ్చా నీకు?”

“పిచ్చే అనుకో,” అని నవ్వాడు ముసలాయన.

ఆ నవ్వుకు ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఫిరంగీస్‌ది మంచి మనసే గానీ, కోపం వస్తే ముందు చెవులు మూసుకుపోతాయి. గోడకు ఆనించిన పార అందుకుంది.

“పోతావా, కొట్టమంటావా?”

“ఈ ఒక్కటీ అయిపోనీ,” అంటూ ఆయన ఆ వరసలో పదో పువ్వు వైపు చెయ్యి చాచాడు.

పార కర్ర ఆయన మణికట్టు మీద పడింది.

ముసలాయన అరవలేదు. చెయ్యి కడుపుకు ఆనించుకుని, వచ్చిన సందులోంచే వెళ్లిపోయాడు. కేకలు విని వచ్చిన నాజ్లీ గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడింది.

“అంత ముసలాయన్ని కొట్టావేంటక్కా!”

“నువ్వు మాట్లాడకు. విత్తనం వేయించిపెట్టిన దానివి!”

ఇద్దరూ కలిసి రాళ్లు పేర్చి సందు మూసేశారు. పిచ్చుకలు వాలకుండా పూలకు పాత తలగుడ్డలు కట్టారు. ఫిరంగీస్ రోజూ పెరట్లోనే కాపలా కూర్చుంది. ముసలాయన మళ్లీ రాలేదు.

పూల వీపులు పసుపు తిరిగి మెడలు వాలాక కోశారు. మొదటి పువ్వును కర్రతో కొట్టి గింజలు రాల్చి, ఫిరంగీస్ ఒకటి కొరికింది.

చిటుక్కుమనలేదు. ఉత్త పొట్టు.

“ఇంకోటి చూడక్కా.”

“చూశానే. ఇదీ తాలే.”

రెండో పువ్వు తాలు. పదోదీ తాలే. ఇరవయ్యోదీ అంతే. నాజ్లీ ఏడుపు మొదలుపెట్టింది.

“నా వల్లే అక్కా, నా పాడు చేతుల వల్లే...”

“ఏడవకు. గోడవారవి తీసుకురా.”

ఆ వరసలో మొదటి పువ్వు చేతికి బరువుగా తగిలింది. గింజ చిటుక్కుమంది. లోపల నిండుగా పప్పు. రెండోది, మూడోది, వరసగా తొమ్మిది పూలూ అంతే. పదోది మాత్రం తాలు.

ఫిరంగీస్ చతికిలబడింది.

“ఆయన తుడిచెయ్యలేదే నాజ్లీ. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకి అంటించాడు. నేను కర్ర తీసుకున్నాను.”

ఎనిమిది పూల గింజలు విత్తనానికి దాచింది. తొమ్మిదో పువ్వు గింజలు ఉప్పునీళ్లలో వేస్తుంటే నాజ్లీ చెయ్యి పట్టుకుంది.

“విత్తనం వేయిస్తున్నావా అక్కా!”

“వదులు. ఇవి ఆయనవి.”

వేడివేడి గింజలు మూటకట్టుకుని ముసలాయన కోసం వీధంతా అడుగుతూ వెళ్లింది. వెనక సందులో ఒక ఇల్లు చూపించారు. ఇంటావిడ బయటికొచ్చింది.

“బైరాం తాతా? మేడ మీద గదిలో ఉండేవాడు. వెళ్లిపోయి నెల దాటిందమ్మా.”

“ఎక్కడికి?”

“చెప్పలేదు. చెయ్యి విరిగింది, కట్టు కట్టుకునే పోయాడు. ఎక్కడ పడ్డావంటే నవ్వేవాడు.”

ఫిరంగీస్‌కు సిగ్గుతో తల వాలిపోయింది.

“ఆయన... ఏం చేసేవాడు?”

“తేనెటీగలు పెంచేవాడమ్మా. ఎవరో పూత మీద మందు కొడితే నాలుగు పెట్టెల ఈగలూ ఒక్క రోజులో రాలిపోయాయి, అయినా ఆ ఇంటి పూలు గొడ్డుపోకూడదని, ఈగలు చేసే పని తనే చేసొస్తానంటూ ఆ రోజు పొద్దున్నే గుడ్డ పట్టుకుని వెళ్లాడు.”