చేవగల కర్ర

కృపానందం సంచిని అరుగు మీద బోర్లించాడు. జానెడేసి టేకు ముక్కలు దొర్లిపడ్డాయి.

రూతు ఒకటి తీసి గోటితో నొక్కింది. దిగలేదు. మంచి చేవ. ఒక పక్క కొత్తగా చిత్రిక పట్టినా, పొరల్లో తెల్ల రంగు చారలు మిగిలాయి. ఇంకో ముక్కకి మేకు కన్నం, మరోదానికి అడుగున మట్టి మరక.

కాకినాడ ల్యాబులో రూతు చేసే పని కర్రబొగ్గుతో రీఛార్జి బ్యాటరీలు తయారుచేయడం. కొబ్బరి మొద్దు అయింది, సరుగుడు అయింది, తుమ్మ అయింది. ఏ బొగ్గూ ఛార్జి నిలపలేదు. ఏళ్ల తరబడి ఎండిన ముదురు కర్రతో చూద్దామంటే, కూలి చేసుకునే తమ పేటలో టేకు గుమ్మం ఎవరికుంది? నెలాఖరుకి ఒక్క సెల్లయినా నిలబడకపోతే ఈ పరిశోధన మానుకోమన్నారు సారు. తమ ఇంట్లో బడి దాటి చదివింది ఆమె ఒక్కతే.

"ఎక్కడిది నాన్నా?"

"సూర్యారావు గారి పాతింటి దూలంలోది."

"అడిగే తెచ్చేవా? తర్వాత ఎవరూ ఏమీ అనరు కదా?"

"ఆవిడేం అనదమ్మా. నీ చదువుకంటే ఎందుకు కాదంటుంది?" అన్నాడు సంచి దులుపుతూ.

ఆవిడంటే సూర్యారావు గారి భార్య కనకమహాలక్ష్మి అనుకుంది రూతు.

టేకు బొగ్గు నిలబడింది. నాలుగు సెల్లులు కలిపి చిన్న దీపానికి తగిలిస్తే పూటంతా వెలిగింది. సారు ఇంకో ఏడాదికి సంతకం పెట్టారు.

సమాధుల పండుగనాటి సాయంత్రం ఆ దీపం పట్టుకుని ఊళ్లో దిగింది రూతు. ముందుగా పూతరేకుల పెట్టెతో కనకమహాలక్ష్మి గారింటికి వెళ్లి, టేకు ఇచ్చినందుకు దణ్ణం పెట్టింది. ఆవిడ తెల్లబోయింది.

"ఈమధ్య మేమెప్పుడిచ్చేమమ్మా? పాతిల్లు విప్పి పన్నెండేళ్లయింది. ఆ దూలాలు ఎప్పుడో అయిపోయేయి. మీ నాన్న ఏం చెప్పేడో మరి."

రూతు ఇంటికొచ్చి గుమ్మంలోనే అడిగేసింది.

"దొంగకర్రా నాన్నా అది?"

"మనదేనమ్మా."

రూతు బంతిపూల దండ అందుకుని సమాధుల తోటకి బయల్దేరబోతే కృపానందం అడ్డొచ్చాడు. పొద్దున్నే తాను వెళ్లి కొవ్వొత్తి పెట్టి వచ్చాడట. ముసురుకి దారంతా బురదట. ఈ ఏటికి వద్దని బతిమాలాడు.

"ఈ గాలికి కొవ్వొత్తి ఎప్పుడో ఆరిపోయుంటుంది. ఇది ఆరదు" అని దీపం తీసుకుని నడిచింది రూతు. కృపానందం తువ్వాలు భుజాన వేసుకుని వెనకాలే వచ్చాడు.

వాళ్లమ్మ సువర్ణ సమాధి దగ్గర కొవ్వొత్తి నిజంగానే ఆరిపోయింది. రూతు దీపం అక్కడ పెట్టి వెలిగించింది. పన్నెండేళ్లుగా వేస్తున్నట్టే దండ వేద్దామని చేతులెత్తి, ఆగిపోయింది.

అమ్మ సమాధి మీద ఉండే తెల్ల రంగు కర్ర శిలువ లేదు.