రెండో గ్రూపు

ఉదయం పదింటికి పెద్ద డాక్టరు కవర్ల సీలు విప్పాడు. పదకొండింటికల్లా నర్సు ఫోను ముందు కూర్చుంది. బల్ల మీద ఈ ఆసుపత్రి వంతు అరవై ఒక్క కాగితాలు.

అన్నీ ఒకసారి గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డ వాళ్లవి. వాళ్లను అడిగి, ఒప్పుకున్నాకే మందు పరీక్షలో చేర్చుకున్నారు. కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర మొదటి గ్రూపుకు పెద్ద మోతాదులో, రెండో గ్రూపుకు మామూలు మోతాదులో. రెండూ ఒకే రంగు, ఒకే సైజు. ఎవరికి ఏది వెళ్తోందో సీలు వేసిన ఆ కవర్లలోనే ఉంది; పంచిపెట్టిన నర్సుకూ తెలియదు.

పెద్ద మోతాదు వేసుకున్న వాళ్లలో మళ్లీ గుండెపోటు రావడం బాగా తగ్గింది. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, నాలుగేళ్ల పరీక్షను మూడేళ్లకే ఆపేశారు.

మొదటి ఫోను ఒక దర్జీకి.

"మీది పెద్ద మోతాదేనండీ. అదే వాడండి."

"హమ్మయ్య! అయితే ఇక వేపుళ్లు లాగించేయొచ్చా సిస్టర్?"

"వద్దండీ," అంది నవ్వకుండా. కాగితం మీద టిక్కు పెట్టింది.

మధ్యాహ్నానికి సగం అయ్యాయి. ఎవరో తెచ్చిపెట్టిన టీ చల్లారి మీగడ కట్టింది.

రిటైరైన లెక్కల మాస్టారు మాత్రం ఇంతెత్తున లేచాడు.

"ఇన్నాళ్లూ నాకు చిన్నది అంటగట్టారన్నమాట!"

"చీటీలు తీసినట్టే సార్. ఎవరికి ఏదొచ్చిందో మాకూ ఇవాళే తెలిసింది."

"ఇప్పుడు తెలిసి ఏం లాభం?"

నర్సు అడుగున ఉన్న కాగితాన్ని ఇంకాస్త లోపలికి తోసింది.

"మీకు లాభమే సార్. రేపొచ్చి పెద్ద మోతాదు తీసుకెళ్లండి."

అవతల గొంతు మెత్తబడింది. "ఏమనుకోకమ్మా. కంగారులో అరిచాను."

"పర్లేదండీ."

సాయంత్రం పెద్ద డాక్టరు గుమ్మం దగ్గర ఆగాడు.

"ఇక చాలు, ఇంటికెళ్లమ్మా. మిగిలినవి ఇంకెవరైనా చూస్తారు."

"ఒక్కటే ఉంది సార్."

ఆయన ఆ కాగితం వైపు చూశాడు. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

చివరి కాగితం రెండో గ్రూపుది. నాలుగు నెలల కిందట మళ్లీ గుండెపోటు వచ్చి చనిపోయిన మనిషిది. అలాంటప్పుడు ఇంట్లోవాళ్లకు సంగతి చెప్పి, ఎవరికి చెప్పారో రాసుకోవాలి.

నర్సు ఫోను ముట్టుకోలేదు. 'సమాచారం అందినవారు' అన్న గడిలో 'భార్య' అని రాసి, ఆ భార్య పేరు ఉండాల్సిన చోట తన పేరు రాసింది.