గోళ్ల మధ్య సందు

శనివారం ఉదయం పదకొండుంబావుకు, అమీర్‌పేటలోని తన టైలరింగ్ దుకాణంలో, దేవవ్వ రెండు చూపుడువేళ్ల గోళ్లను ఒకదానికొకటి ఆనించింది. మధ్యలో వెలుతురు కనిపించాల్సిన చిన్న సందు లేదు.

అలా ఆనించమన్నది జాకెట్ కొలతలివ్వడానికి వచ్చిన సుమశ్రీ. ఆమె ఊపిరితిత్తుల డాక్టర్.

"వేళ్ల చివర్లు ఇలా ఉబ్బి ఎన్నాళ్లయింది, దేవవ్వగారూ?"

"రెండేండ్లాయె. చేతికుట్టుకు పెట్టే అంగుస్తాన వేలికి దూరక మూడుసార్లు పెద్దది కొన్న. సూది పనికి వేళ్లు లావైనయ్ అనుకున్న మేడం."

"దగ్గుందా?"

"గీ బట్టల దుమ్ముకు ఎవరికుండది?" దేవవ్వ నవ్వింది.

"ఇది లోపలి జబ్బుకు గుర్తు కావచ్చండీ. స్కాన్ తీయించాలి. ఇంట్లో ఎవరూ చూడలేదా ఈ వేళ్లు?"

"చూసెటోళ్లుంటే గద! దినాం ఇరవై మంది ఆడోళ్లొస్తరు. అందరు అద్దంల వాళ్లనే చూసుకుంటరు."

నాలుగేళ్లుగా సుమశ్రీ జాకెట్లన్నీ ఇక్కడే కుట్టించుకుంటోంది. ఆ చేతులు కొలతలు తీస్తున్నంతసేపూ ఫోన్ చూసుకునేది. ఈరోజు ఫోన్ కారులో మరిచిపోయింది.

సీటీ స్కాన్ సోమవారం ఉదయం తొమ్మిదింటికి, పంజాగుట్టలో. తోడు ఎవరొస్తారని అడిగితే, "మెట్రోల పోత" అంది దేవవ్వ.