గట్టి మూత

పత్తికి మందు కొట్టడం ముగించి జగపతి ఆకేరు వాగు గట్టుకు వచ్చాడు.

ఖాళీ డబ్బా మూతను బలమంతా పెట్టి బిగించాడు. అడుగున మిగిలిన మందు నీళ్లలో కలవకూడదు గదా!

"గంగమ్మ తల్లీ, మైల అంటకుండనే పంపుతున్న" అని దండం పెట్టి వాగులోకి విసిరాడు.

దిగువన మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డ ఓ ముసలామె దాన్ని అందుకుంది. ఆమె భుజాన ఉన్న సంచి నిండా అలాంటి డబ్బాలే.

"పాత సామాన్లు ఏరుతవా అవ్వా?" నవ్వాడు జగపతి. "తీస్కపో. రేపు గూడ రా, ఇంకా దొరుకుతయ్."

"ఈ మూత మీరే బిగించారా బాబూ?"

"మరెవ్వరు? నీళ్లకు విషం తగిలితే పాపం గాదె?"

ఆమె ఏదో అనబోయింది. అతని నుదుటి మీద బొట్టు చూసి ఆగిపోయింది.

మర్నాడు ఆమె ఊరి బడిలో కనిపించింది.

"పిల్లలకు ఒక్క పాఠం చెప్తదట" అంది పద్మలత టీచర్. "నదులు, సముద్రం పాఠమే నడుస్తున్నది. ఈమెది సముద్రం ఒడ్డేనట. బడి కమిటీ చైర్మన్ మీరు, జర ఒప్పుకోండ్రి."

"డబ్బాలేరే ఆమె పాఠం చెప్పుడా? రేపు ఐసుబండాయన గూడ వస్తనంటడు!"

ముసలామె చేతులు జోడించింది. "ఒక్క అరగంటండి బాబూ. వాగులో వేసింది ఎక్కడికెళుతుందో చెప్పి వెళ్లిపోతానండి."

"వెళ్లిపోతారాండీ? ఎప్పుడు వెళ్తారండీ?" జగపతి ఆ యాసను పట్టి సాగదీశాడు.

పిల్లలు గొల్లుమన్నారు. అతని బిడ్డ మేఘన ఒక్కతే నవ్వలేదు.

"సముద్రమేడ, మనమేడ? మా పోరగాండ్లకు గది రెండు మార్కుల ముచ్చట. పో అవ్వా, పో."

ఆమె సంచి భుజానికెత్తుకుంది.

గేటు దాకా వెంట నడిచింది మేఘన. "ఇప్పుడెటు పోతవ్ అవ్వా?"

"ఎగువన ఇంకో బడి ఉంటుందిగా తల్లీ."

మాఘ పౌర్ణమికి జగపతి బిడ్డను తీసుకుని హంసలదీవి వెళ్లాడు. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మునిగితే పుణ్యం.

మునిగి లేచాడు. ఇసుకలో మందు డబ్బాలు కనిపించాయి. బిగించిన మూతలు బిగించినట్టే ఉన్నాయి.

"ఆకేరు మున్నేరుల కలుస్తది, మున్నేరు కృష్ణల కలుస్తది. కదా బాపూ?" అంది మేఘన.

జగపతి వంగి ఒక డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు.

పక్కనే ఒకామె చేపలు ఎండబెడుతోంది. మేఘన ఆమె దగ్గరకు వెళ్లింది. "అక్కా, డబ్బాలేరే అవ్వ ఒకామె మా ఊరికొచ్చింది. ఇక్కడిదేనా?"

"మా అత్తే. ఊళ్లు తిరిగి తిరిగి జ్వరంతో వచ్చిపడింది. కార్తీకంలో పోయింది. ఒక్క బళ్లో కూడా నోరు తెరవనివ్వలేదంట."

జగపతి దగ్గరకొచ్చాడు. "ఆమెకెందుకు తల్లీ గంత తిప్పల?"

ఆమె గుడిసె వైపు చూసింది. లోపల దూలానికి చీర ఉయ్యాల. పైకి మడిచి ముడేసి ఉంది.

"ఒడ్డుకు కొట్టుకొచ్చిన డబ్బా మూత మా బాబు పళ్లతో లాగేశాడండి. వేసినోళ్ల చేతులు పడిపోనని నేను శాపనార్థాలు పెట్టాను. మా అత్త పెట్టనివ్వలేదు. 'ఇంత గట్టిగా మూత బిగించినోళ్లు చెడ్డోళ్లు కారే, ఎక్కడ తేలుతుందో తెలియనోళ్లు. వాళ్ల పిల్లలకి చెప్పొస్తా' అంటూ, మనవణ్ణి పూడ్చిన మర్నాడే ఏరు పట్టుకుని ఎగువకి బయల్దేరింది."