తాడుకి అవతల నీళ్ళు

"శాంతి కమిటీలో నేనూ మెంబర్నేరా! సాయం బండ్లని ఎవరూ ఆపకూడదని రాసిన కాగితం మీద నా వేలిముద్ర కూడా ఉంది," అంది అలాన్యో, రోడ్డుకి అడ్డం కట్టిన తాడు పట్టుకుని.

తాడుకి అవతల, కాందిశీకుల శిబిరానికి రావాల్సిన నీళ్ళ ట్యాంకరు ఎండలో నిలబడి ఉంది.

"ఉంటే మాకేంటి పెద్దమ్మా? మీటింగులో నీకు కుర్చీ వేశారుగా, చాలదా?" అన్నాడు ఓర్యెమ్. చెక్‌పోస్టు దళానికి వాడే నాయకుడు. వెనక కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. తుపాకులున్నవాళ్ళు, నవ్వుతారు మరి.

"శిబిరంలో కలరా పట్టుకుంది నాయనా. మడుగు నీళ్ళు తాగి పిల్లలు రాలిపోతున్నారు. నా మనవడు పొద్దుటినుంచి కళ్ళు తెరవలేదు. మంచినీళ్ళు పట్టమన్నాడు డాక్టరు. ఎక్కణ్ణుంచి తెచ్చి పట్టను?"

"మాకు మాత్రం దాహం వెయ్యదా? ఈ ట్యాంకరు మా క్యాంపుకి పోతుంది. మీరు ఇంటికి పొండి."

ట్యాంకరు డ్రైవరు ఓచాన్ స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్నాడు. అతను మాత్రం ఏం చేయగలడు?

అలాన్యో వెనక్కి తిరిగింది. శిబిరం నుంచి తనతో నడిచొచ్చిన ముసలమ్మలంతా ఆమె మొహంకేసే చూస్తున్నారు. బతిమాలడం అయిపోయింది. ఆమె ఒంటికి చుట్టుకున్న గుడ్డ ముడి మీద చెయ్యి వేసింది. మిగతావాళ్ళ చేతులూ ముడుల మీదికి వెళ్ళాయి.

ఓర్యెమ్ నవ్వు ఠక్కున ఆగింది. "వద్దమ్మా! నీ కాళ్ళు పట్టుకుంటా, వద్దు!"

"నిన్ను మోసిన కడుపులాంటిదేరా ఇది. కళ్ళారా చూడు!"

కడుపుమండిన తల్లి ఒళ్ళు చూసినవాడు బాగుపడడు, వాడి వంశం నిలవదు. ఆ సంగతి అక్కడ పాలు తాగే పిల్లలకీ తెలుసు.

ముడులు ఊడాయి. కుర్రాళ్ళు చేతుల్లో తుపాకులతోనే, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒకరినొకరు తోసుకుంటూ ఏనుగుగడ్డిలోకి పరుగులు తీశారు.

ముసలమ్మలు కేరింతలు కొట్టారు. తాడు తెంపి అవతల పారేశారు. "పోనియ్ నాయనా ఓచాన్, పోనియ్!" అంటూ అలాన్యో ట్యాంకరు దగ్గరికి పరుగెత్తింది.

తలుపు బార్లా తెరిచి ఉంది. సీటు ఖాళీ. ఓచాన్ కూడా ఆ నేల మీద ఓ తల్లి కన్నబిడ్డేనాయె! అందరికంటే ముందు దూకింది అతనే. అతనూ పారిపోతాడన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

"మనలో ఎవరికైనా బండి తోలడం వచ్చా?" అంది అలాన్యో.

"ఎవరు నేర్పారే? కమిటీలో నువ్వు అడిగితే, ఆడాళ్ళకి కుట్టుమిషన్లు చాలన్నారుగా," అంది పక్కనున్న ముసలామె.

అలాన్యోకి ఏడుపు ముంచుకొచ్చింది. నీళ్ళు ఇక్కడున్నాయి. పిల్లాడు అక్కడున్నాడు. గడ్డివైపు తిరిగి గొంతు చించుకుని అరిచింది. "ఓచాన్! రా నాయనా! నా మనవడు చచ్చిపోతాడు!"

"ముందు బట్టలు కట్టుకోండమ్మా, వచ్చేస్తా!" అని గడ్డిలోంచి ఓచాన్ కేక వినబడింది.

అందరూ గబగబా వంగి గుడ్డలు అందుకున్నారు.

పక్క పొదలోంచి ఓర్యెమ్ గొంతు పలికింది. "కట్టుకోండమ్మా, కట్టుకోండి! మేమూ వచ్చేస్తాం!"